కంపెనీల సామాజిక బాధ్యత నిధులు - బాలల చదువు, యువత వృత్తి శిక్షణ

(ప్రత్యేక వ్యాసం)

ఒక కంపెనీ తన కార్యాలయంలో వాడి పక్కన పెట్టిన 20 కంప్యూటర్లను ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు అందజేసి, ఈ కార్యక్రమాన్ని కార్పొరేట్ సామాజిక బాధ్యతలో భాగంగా చేపట్టినట్లు ప్రకటిస్తుంది. ఆ కంప్యూటర్ల విలువను సామాజిక బాధ్యత వ్యయంగా చూపవచ్చునా అంటే, చూపరాదు. చట్టం కంపెనీని వ్యయం చేయవలసిందిగా ఆదేశించింది కనుక వస్తు రూపంలో ఇచ్చిన దానికి ధర కట్టి లెక్కలో చేర్చడం చెల్లదని కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021లో జారీ చేసిన వివరణలో స్పష్టం చేసింది. ఉద్యోగులు శనివారం నాడు పాఠశాలకు వెళ్లి పాఠాలు చెప్పిన గంటలకు విలువ కట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఇవి మంచి పనులే. పిల్లలకు ఉపయోగపడేవే. అయితే చట్టం నిర్దేశించిన 2 శాతంలో ఇవి భాగం కావు. ఈ తేడా తెలియకపోవడం వల్ల పత్రికా ప్రకటనలలోను, జిల్లా నివేదికలలోను తరచుగా దొర్లుతున్న పొరపాట్ల దృష్ట్యా, విద్య, వృత్తి శిక్షణ రంగాలకు సంబంధించినంత వరకు ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం ఏమంటున్నది?

కంపెనీల చట్టం, 2013 లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోకి వచ్చింది. గడచిన ఆర్థిక సంవత్సరంలో రూ. 500 కోట్లు లేదా అంతకు మించిన నికర విలువ గాని, రూ. 1,000 కోట్లు లేదా అంతకు మించిన టర్నోవరు గాని, రూ. 5 కోట్లు లేదా అంతకు మించిన నికర లాభం గాని ఉన్న ప్రతి కంపెనీ, అంతకు ముందరి 3 ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కార్యక్రమాలపై వెచ్చించవలసి ఉంటుంది. సగటు లాభం రూ. 100 కోట్లయితే వెచ్చించవలసినది రూ. 2 కోట్లు. ఏయే పనులపై వెచ్చించవచ్చునో చట్టంలోని ఏడవ షెడ్యూలు తెలియజేస్తుంది. దానిలోని రెండవ అంశం విద్యకు సంబంధించినది. ప్రత్యేక విద్యతో సహా విద్యాభివృద్ధి, విశేషించి బాలలు, మహిళలు, వృద్ధులు, వికలాంగులలో ఉపాధికి తోడ్పడే వృత్తి నైపుణ్యాల పెంపుదల, జీవనోపాధి పథకాలు ఈ అంశం కిందకు వస్తాయి.

అంతకు పూర్వం ఇది కంపెనీల ఇష్టానికి వదిలిన విషయం. 2009 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద మార్గదర్శకాలను వెలువరించింది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు 2010లో వేరుగా మార్గదర్శకాలు వచ్చాయి. చట్టం అమలులోకి వచ్చిన తొలి సంవత్సరమైన 2014-15లో దేశవ్యాప్తంగా కంపెనీలు ఈ పద్దు కింద దాదాపు రూ. 10 వేల కోట్లు వెచ్చించగా, 2022-23 నాటికి ఆ మొత్తం దాదాపు రూ. 30 వేల కోట్లకు చేరింది. రంగాల వారీగా చూచినపుడు విద్యదే పెద్ద వాటా.

నిధులు ఎక్కడ ఖర్చు చేయాలన్నది కంపెనీ డైరెక్టర్ల బోర్డు నిర్ణయించే విషయమన్నది అధికారులు ప్రత్యేకించి గమనించవలసిన అంశం. దీనికి ప్రభుత్వ అనుమతి అవసరం లేదు. ప్రభుత్వం ఫలానా పనికి ఇవ్వవలసిందిగా ఆదేశించే వీలూ లేదు. జిల్లా యంత్రాంగం తన పరిధిలోని పాఠశాలల అవసరాలను జాబితాగా సిద్ధం చేసి కంపెనీల ముందుంచవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రారంభించిన 'కనెక్ట్ టు ఆంధ్ర' వెబ్ పోర్టల్ ఇటువంటి ప్రయత్నమే. ముఖ్యమంత్రి సహాయ నిధికి కంపెనీలు ఇచ్చే విరాళం సామాజిక బాధ్యత వ్యయం కిందకు రాదని 2020 ఏప్రిల్‌లో కేంద్రం తెలియజేసింది. చెక్కు అందజేస్తున్న ఛాయాచిత్రం కింద వ్రాసే వాక్యంలో ఈ విషయం మరువరాదు.

చట్టానికి ముందే ఇక్కడ జరిగిన కృషి

తెలుగు ప్రాంతానికి ఈ విషయంలో చట్టం కంటె పాత చరిత్ర ఉన్నది. డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ వ్యవస్థాపకులు డాక్టర్ కె. అంజిరెడ్డి 1996లో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్‌ను నెలకొల్పారు. 1998లో హైదరాబాద్ కేంద్రంగా నాంది ఫౌండేషన్ ఏర్పడింది. అదే సంవత్సరం నిర్మాణ రంగంలో కార్మికులకు, ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చేందుకు ప్రభుత్వం, నిర్మాణ పరిశ్రమ కలిసి హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌ను నెలకొల్పాయి.

డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ ఆరంభించిన 'ల్యాబ్స్' శిక్షణ పద్ధతి కొంత వివరంగా చెప్పుకోదగినది. అప్పటి వరకు వృత్తి శిక్షణ అనగానే కుట్టుపని, టైపు, రేడియో రిపేరు వంటి కోర్సులు ముందే నిర్ణయమై ఉండేవి. నేర్చుకున్నవారు పని వెదుక్కోవలసి వచ్చేది. ల్యాబ్స్‌లో ఈ క్రమాన్ని తలక్రిందులు చేయడం జరిగింది. ఒక పట్టణంలో కేంద్రం తెరవడానికి ముందే సిబ్బంది ఆ పట్టణంలోని దుకాణాలు, హోటళ్లు, వాహనాల సర్వీసు కేంద్రాలు, ఆసుపత్రులకు వెళ్లి, ఎక్కడ ఎందరు మనుషులు కావాలి, వారికి ఏమి తెలిసి ఉండాలి, ఎంత జీతం ఇస్తారు అని విచారించేవారు. ఆ సమాచారాన్ని బట్టి కోర్సులను నిర్ణయించేవారు. సుమారు 3 నెలల శిక్షణలో వృత్తి పాఠంతో పాటు వ్యవహారానికి సరిపడే ఇంగ్లీషు, కంప్యూటరు, కొనుగోలుదారుతో మాట్లాడే తీరు నేర్పేవారు. అవసరం మారితే కోర్సు మారేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ ఆధ్వర్యంలో తదనంతరం ఏర్పాటైన ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ అండ్ మార్కెటింగ్ మిషన్ కూడా, పేరులోనే సూచించినట్లు, ఉద్యోగం ఎక్కడ ఉన్నదో చూచుకొని శిక్షణ ఇచ్చే ఇదే మార్గాన్ని అనుసరించింది. ఈనాడు అనేక కంపెనీల శిక్షణ కేంద్రాలలో కనిపించే నమూనాకు మూలాలు ఇక్కడ ఉన్నాయి.

అయితే ఇది 18 ఏళ్లు నిండిన యువతీయువకులకు ఉద్దేశించిన పద్ధతి. బాలలకు దీనిని యథాతథంగా వర్తింపజేయడం కుదరదు.

14 ఏళ్లు, 18 ఏళ్లు : మధ్యనున్న నాలుగేళ్లు

ఏడవ షెడ్యూలులోని వాక్యాన్ని మరొకసారి పరిశీలించవలసి ఉన్నది. 'బాలలలో ఉపాధికి తోడ్పడే వృత్తి నైపుణ్యాలు' అన్న మాటను విడిగా తీసుకుంటే, పదేళ్ల పిల్లవానికి పని నేర్పడం కూడా సామాజిక బాధ్యతే అన్న అర్థం రాగలదు. ఇతర చట్టాలతో కలిపి చదివినపుడు మాత్రమే దాని హద్దు తెలుస్తుంది.

ఈ చర్చ తెలుగు ప్రాంతంలో కొత్తది కాదు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 5 నుండి 14 ఏళ్ల మధ్య వయస్సు గల బాల కార్మికులు 1 కోటి 26 లక్షల మంది కాగా, వారిలో 13 లక్షల 63 వేల మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. 1988లో ప్రారంభమైన జాతీయ బాల కార్మిక ప్రాజెక్టు కింద నడచిన ప్రత్యేక పాఠశాలలలో, పని మాన్పించిన పిల్లలకు చదువుతో పాటు వృత్తి శిక్షణ కూడా ఇచ్చేవారు. పేద కుటుంబం ఆదాయం కోల్పోతుంది గనుక పిల్లవాని చేతిలో ఏదో ఒక పని ఉండాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. రంగారెడ్డి జిల్లాలో 1990 దశకంలో కృషి ప్రారంభించిన ఎం.వి. ఫౌండేషన్ దీనికి భిన్నమైన వాదనను ముందుకు తెచ్చింది. బడిలో లేని ప్రతి బిడ్డను బాల కార్మికునిగానే పరిగణించాలని, వయస్సు మీరిన పిల్లలను వసతితో కూడిన బ్రిడ్జి కోర్సులలో చేర్చి, వారి వయస్సుకు తగిన తరగతిలో మామూలు బడికే పంపాలని, పని నేర్పడం చదువుకు ప్రత్యామ్నాయం కారాదని ఆ సంస్థ ఆచరణలో చూపింది. సంస్థకు నాయకత్వం వహించిన ప్రొఫెసర్ శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. 2007లో ఏర్పాటైన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలు. తదుపరి వచ్చిన చట్టాలు మొత్తం మీద ఈ రెండవ వాదన వైపే మొగ్గాయి. బాల కార్మిక ప్రాజెక్టు సైతం 2021లో సమగ్ర శిక్షలో విలీనమైంది.

ప్రస్తుత స్థితి ఇది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య ప్రతి బిడ్డ హక్కు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. బడి వేళల తర్వాత, సెలవులలో కుటుంబానికి సాయపడటం, కళాకారులుగా పాల్గొనడం మాత్రమే షరతులతో కూడిన మినహాయింపులు. 14 నుండి 18 ఏళ్ల మధ్య ఉన్నవారిని గనులలోను, మండే పదార్థాలు, పేలుడు పదార్థాలకు సంబంధించిన పనులలోను, ప్రమాదకర ప్రక్రియలలోను నియమించరాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 14 ఏళ్లు నిండినవారిని అప్రెంటిస్‌గా తీసుకోవచ్చునని చెప్పినా, ప్రమాదకర పరిశ్రమలకు 18 ఏళ్లు నిండాలని నిబంధన విధించింది.

కావున 14 ఏళ్లకు విద్యా హక్కు ముగుస్తుంది. ఉద్యోగ శిక్షణ కేంద్రం 18 ఏళ్లకు గాని తలుపు తీయదు. ఈ నడుమనున్న నాలుగేళ్లలోనే పదవ తరగతి పరీక్ష, ఇంటర్మీడియెట్ ప్రవేశం, ఆడపిల్లల విషయంలో పెళ్లి ప్రస్తావన వస్తాయి. కంపెనీల కార్యక్రమాల తీరు గమనిస్తే, ఒకవైపు ప్రాథమిక పాఠశాలల గదులు, బెంచీలు, పుస్తకాల సంచులు, మరోవైపు 18 ఏళ్లు దాటినవారి శిక్షణ విరివిగా కానవస్తాయి. నడుమ వయస్సు వారి కోసం చేసే పని సాపేక్షంగా తక్కువ. ఆ వయస్సులో చేయదగిన పని లేక కాదు. 14 ఏళ్లు నిండినవారికి పారిశ్రామిక శిక్షణ సంస్థలలో ప్రవేశం ఉన్నది. పదవ తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లు, ఇంటర్మీడియెట్ వృత్తి విద్యా కోర్సులు ఉన్నాయి. సమగ్ర శిక్ష కింద తొమ్మిదవ తరగతి నుండే ఎంపిక చేసిన పాఠశాలలలో వృత్తి విద్య ఉన్నది. వీటిలో ప్రయోగశాల పరికరాలు, అనుభవజ్ఞులైన శిక్షకులు, దూర గ్రామాల బాలికలకు రవాణా, వసతి గృహంలో అదనపు చోటు కంపెనీలు సమకూర్చగలిగినవే. పిల్లవాడు బడి మానకుండానే చేతి పని తెలుసుకునే మార్గమిది. ఇందుకు భిన్నంగా, 'శిక్షణ' పేరిట పదిహేనేళ్ల బాలుని ఉత్పత్తి జరిగే చోట పూర్తి దినం నిలబెట్టినట్లయితే అది ఏ పద్దులో ఉన్నా, ఏ ఫౌండేషన్ పేరున జరిగినా, విచారించవలసిన విషయమే. అక్కడ తయారైన వస్తువు మార్కెట్‌కు వెళ్తున్నదా, బాలుని పేరు ఏదైనా విద్యాసంస్థ హాజరు పట్టీలో ఉన్నదా, కోర్సు చివర గుర్తింపు గల ధ్రువపత్రం వస్తున్నదా అన్న మూడు ప్రశ్నలతో చాలావరకు తేలిపోతుంది.

పారిశ్రామిక శిక్షణ సంస్థల విషయంలో పరిశ్రమలకు మరొక మార్గం కూడా ఉండినది. 2007-08లో ప్రారంభించిన పథకం కింద దేశంలోని 1,396 ప్రభుత్వ ఐటిఐలలో ఒక్కొక్క దానికి రూ. 2.50 కోట్ల వరకు వడ్డీ లేని రుణాన్ని, పరిశ్రమ ప్రతినిధి అధ్యక్షతన గల నిర్వహణ కమిటీకి అందజేశారు. ఇది కంపెనీ సొమ్ము కాదు, కేంద్ర ప్రభుత్వ రుణం. తెలంగాణలో ప్రభుత్వ ఐటిఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చేందుకు టాటా టెక్నాలజీస్‌తో కుదిరిన ఒప్పందం మేరకు 2024 జూన్‌లో హైదరాబాద్‌లోని మల్లేపల్లి ఐటిఐలో శంకుస్థాపన జరిగింది. ఇటువంటి ఒప్పందాలలో కంపెనీ వాటా సామాజిక బాధ్యత పద్దు నుండి వస్తున్నదా, లేక వేరొక ఏర్పాటు కిందనా అన్నది ఒప్పంద పత్రం చూచి వ్రాయడం ఉచితం.

లెక్కలోకి రానివి

2014 నాటి నిబంధనలను 2021 జనవరిలో సమూలంగా సవరించారు. వాటి ప్రకారం కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని, కేవలం తన ఉద్యోగుల మేలు కోసం చేసే పని, ఉత్పత్తుల ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్, రాజకీయ పార్టీలకు ఇచ్చే విరాళం, మరే ఇతర చట్టం కింద అయినా విధిగా చేయవలసిన పని సామాజిక బాధ్యత కిందకు రావు. ఆ విధంగా కర్మాగారం కాలనీలో ఉద్యోగుల పిల్లలకే పరిమితమైన పాఠశాల లెక్కలోకి రాదు. భూసేకరణ చట్టం కింద నిర్వాసితులకు పునరావాసంలో భాగంగా ఇవ్వవలసిన దానిని సామాజిక సేవగా చూపరాదు. 30 మంది లేదా అంతకు మించి పనివారు ఉన్న సంస్థలు తమ పనివారిలో 2.5 శాతానికి తగ్గకుండా అప్రెంటిస్‌లను తీసుకోవడం విధి గనుక, ఆ విధిని నెరవేర్చడం ఔదార్యం కాదు.

కంపెనీ యంత్రాంగపు నిర్వహణ ఖర్చు మొత్తం వ్యయంలో 5 శాతానికి మించరాదు. అయితే ఈ పరిమితి కంపెనీ కార్యాలయపు సాధారణ ఖర్చుకే గాని, పథకంలో నేరుగా పాఠం చెప్పే ఉపాధ్యాయుని వేతనానికి వర్తించదు. ఈ సంగతి తెలియక ఉపాధ్యాయులకు జీతాలు ఇవ్వడానికి వెనుకాడి గోడలకు రంగులు వేయించే కంపెనీలూ లేకపోలేదు.

ఆర్థిక సంవత్సరం, విద్యా సంవత్సరం

ఈ వ్యవస్థలోని అసలు చిక్కు కాలానికి సంబంధించినది. కంపెనీ లెక్క మార్చి 31తో ముగుస్తుంది. దీర్ఘకాలిక పథకం కాని పక్షంలో, ఖర్చు కాని సొమ్మును తదుపరి 6 నెలలలోగా ఏడవ షెడ్యూలులో పేర్కొన్న నిధికి జమ చేయవలసి ఉంటుంది. చేయనిచో చెల్లించవలసిన మొత్తానికి రెట్టింపు లేదా రూ. 1 కోటి, వీటిలో ఏది తక్కువైతే అది కంపెనీకి జరిమానా. 2021 జనవరి 22 నుండి ఈ నిబంధన అమలులో ఉన్నది. తత్ఫలితంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో త్వరగా కొనదగిన వస్తువులపై వ్యయం చేయాలన్న తొందర సహజం. బడులలో అది పరీక్షల కాలం. సంచులు, బెంచీలు వచ్చేసరికి వేసవి సెలవులు వస్తాయి.

దీర్ఘకాలిక పథకమైతే, మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజులలో ప్రత్యేక బ్యాంకు ఖాతాకు మార్చి, 3 ఆర్థిక సంవత్సరాలలో ఖర్చు చేయవచ్చును. కాని పథకం కాలపరిమితి, ప్రారంభమైన సంవత్సరాన్ని మినహాయించి, 3 ఏళ్లకు మించరాదు. జూన్‌లో ఆరవ తరగతిలో చేరిన బాలికకు అండగా నిలిచేందుకు ఒక పథకం ప్రారంభమైనదనుకుందాం. ప్రారంభ సంవత్సరంలో ఆరు, ఆపై మూడేళ్లలో ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు పూర్తవుతాయి. పదవ తరగతి పబ్లిక్ పరీక్ష వ్రాయవలసిన సంవత్సరానికి పథకం గడువు తీరిపోతుంది. బోర్డు కొత్త పథకంగా మంజూరు చేస్తే కొనసాగుతుంది, లేనిచో లేదు. కనుక పాఠశాలతో ఒప్పందం కుదుర్చుకునే దశలోనే, ఎనిమిదవ తరగతి నుండి ఇంటర్మీడియెట్ ప్రవేశం వరకు ఒక పథకంగా రూపొందించడమో, పదవ తరగతి సంవత్సరానికి ఎవరు బాధ్యత వహిస్తారో వ్రాతపూర్వకంగా తేల్చుకోవడమో అధికారుల వైపు నుండి జరగవలసిన పని.

లాభం తగ్గితే నిధి తగ్గుతుందన్నది మరొక వాస్తవం. చట్టం రాక ముందు దీనికి ఉదాహరణ మన కళ్లెదుటే జరిగింది. సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుల కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్‌ను నెలకొల్పి, గోదావరి జిల్లాలు మొదలైన చోట్ల గ్రామాలలో విద్య, ఆరోగ్యం, తాగునీటి కార్యక్రమాలు చేపట్టింది. 108 అంబులెన్స్ సేవలకు 2005లో ఆద్యులూ వారే. 2009 జనవరిలో కంపెనీ లెక్కల కుంభకోణం వెల్లడైన పిమ్మట 108 సేవల నిర్వహణను జీవీకే సంస్థ చేపట్టడంతో అవి నిలిచాయి. ప్రభుత్వంతో ఒప్పందం, మరొకరు చేపట్టగల వ్యవస్థ ఉండటమే అందుకు కారణం. గ్రామ స్థాయి కార్యక్రమాలకు ఆ ఆసరా లేదు.

ఏ జిల్లాకు?

కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతున్నది. ఇది ఆదేశం కంటె సూచన స్వభావం కలదని మంత్రిత్వ శాఖ వివరణ. ఏమైనప్పటికి, హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాలలో కంపెనీలు అనేకం. 2018లో కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లాలలో తెలంగాణకు చెందిన భద్రాద్రి కొత్తగూడెం, జయశంకర్ భూపాలపల్లి, కుమురం భీం ఆసిఫాబాద్ ఉన్నాయి. బొగ్గు గనుల దృష్ట్యా ఆ వైపు సింగరేణి వంటి సంస్థలకు స్థానిక సంబంధం ఉన్నది. విశాఖ మన్యంలోని గిరిజన గ్రామాలకు ఆ పాటి అవకాశం లేదు. అక్కడ మహీంద్రా సంస్థల కె.సి. మహీంద్రా ఎడ్యుకేషన్ ట్రస్టు, నాంది ఫౌండేషన్ కలిసి 'నన్హీ కలీ' పథకం కింద గిరిజన బాలికలకు బడి వేళలకు అదనంగా ప్రతి దినం పాఠాలు చెప్పించడం, సంవత్సరానికి కావలసిన సామగ్రి సమకూర్చడం చేస్తున్నాయి. కర్మాగారం లేని చోట కూడా కంపెనీల సొమ్ము వెచ్చించవచ్చుననడానికి ఇది దృష్టాంతం.

పరిశీలనకు ఆధారాలు

కంపెనీ స్వయంగా గాని, ట్రస్టు, సొసైటీ లేదా లాభాపేక్ష లేని కంపెనీ ద్వారా గాని కార్యక్రమాన్ని అమలు చేయవచ్చును. అటువంటి అమలు సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి సిఎస్‌ఆర్-1 ఫారం ద్వారా నమోదై ఉండాలి. నమోదు సంఖ్య అడిగి తెలుసుకోవచ్చును. సగటున రూ. 10 కోట్లు, అంతకు మించి వెచ్చించవలసిన కంపెనీలు, రూ. 1 కోటి లేదా అంతకు మించిన వ్యయంతో పూర్తయిన పథకాలపై స్వతంత్ర సంస్థ చేత ప్రభావ మదింపు జరిపించి, నివేదికను బోర్డు ముందుంచి వార్షిక నివేదికకు జతపరచవలసి ఉంటుంది. వృత్తి శిక్షణకు సంబంధించి ఆ నివేదికలో శిక్షణ పొందినవారి సంఖ్య ఒక్కటే ఉన్నట్లయితే, ఎందరు ఉద్యోగంలో చేరారు, 6 నెలల తర్వాత ఎందరు కొనసాగుతున్నారు, చేరిననాటి వేతనమెంత అని అడగవలసి ఉంటుంది.

కంపెనీల వారీగా, జిల్లాల వారీగా వివరాలు జాతీయ సిఎస్‌ఆర్ పోర్టల్‌లో లభిస్తాయి. కంపెనీలు దాఖలు చేసిన పిమ్మటనే అవి అక్కడ చేరతాయి గనుక నడుస్తున్న సంవత్సరపు లెక్కలు దానిలో కనిపించవు. గడచిన సంవత్సరానికి సంబంధించి కంపెనీ వార్షిక నివేదికలోని సామాజిక బాధ్యత అనుబంధం ముందుగా అందుబాటులోకి వస్తుంది. సాధారణంగా సెప్టెంబరు 30లోగా జరిగే వార్షిక సర్వసభ్య సమావేశానికి ముందే దానిని వాటాదారులకు పంపుతారు.